రాక్షసుడు బయట ఉండాలా, మనలో ఉండాలా?

తలా ఒక పాత్ర తీసుకుని కథ నడిపే భయానక రోల్‌ప్లేయింగ్ ఆటల్లో దేనితో మొదలుపెట్టాలని అడిగితే సాధారణంగా రెండు పేర్లు చెబుతారు. ఒకటి 1981లో వచ్చిన 'కాల్ ఆఫ్ కథుల్హూ', రెండోది 1991 నాటి 'వ్యాంపైర్: ది మాస్కరేడ్'. రెండూ పాచికలతో, నలుగురి మాటలతో నడిచేవే. రాక్షసుడు ఎవరన్న దగ్గరే తేడా.

కథుల్హూలో మనం విలేకరో, ప్రొఫెసరో, మామూలు మనుషులం. ఘోరం కళ్లబడ్డప్పుడల్లా మతి నిలకడను కొలిచే శానిటీ పాయింట్లు తరిగిపోతాయి. ఆ వింత జీవుల గురించి ఎంత తెలుసుకుంటే శానిటీకి గరిష్ఠ పరిమితి అంత తగ్గుతుంది. తెలుసుకున్నందుకు కూడా మూల్యం చెల్లించాల్సి రావడం నాకు చాలా నచ్చింది. నచ్చనిది ఇంకోటుంది. రాక్షసుణ్ని ఓడిస్తే పోయిన శానిటీ కొంత తిరిగొస్తుంది. అంటే 'అది మనిషి కాదు' అని తేల్చేస్తే చాలు, చంపడం ఊరటైపోతుంది. ఈ ఆటకు మూలమైన అమెరికన్ భయానక రచయిత లవ్‌క్రాఫ్ట్ కథల్లో వలస వచ్చినవాళ్ల మీద, నల్లజాతి వాళ్ల మీద ద్వేషం బాహాటంగానే ఉంది. కాబట్టి ఎవరిని రాక్షసుల్లో లెక్కేస్తున్నామో చూసుకోవాలి. 2017లో ఆటల రచయిత క్రిస్ స్పైవీ ఈ ఆట కోసం రాసిన 'హార్లెమ్ అన్‌బౌండ్' పుస్తకంలో 1920ల నాటి న్యూయార్క్ నల్లజాతి వాళ్లనే కథానాయకుల్ని చేశారు, జాత్యహంకారాన్ని కూడా ఆ భయంలో భాగం చేశారు. కథుల్హూ ఆడేవాళ్లు అది తప్పకుండా చదవాలి.

వ్యాంపైర్‌లో రక్తం తాగేది మనమే. మనలో మిగిలిన మనిషితనాన్ని కొలిచే హ్యుమానిటీకి పాత్ర కాగితం మీద పది గళ్లు. అవన్నీ పోతే పాత్ర మన చేతిలో ఉండదు. 2018 నాటి ఐదో ఎడిషన్‌లో ఆకలి పూర్తిగా తీరాలంటే ఒక మనిషి ప్రాణం తీయాల్సిందే. చంపనంటే ఎప్పుడూ కాస్త ఆకలితోనే బతకాలి. నా కడుపు నిండడానికి ఇంకొకరు ఎంత పోగొట్టుకోవాలన్న ప్రశ్న ప్రతి రాత్రీ ఎదురవుతుంది. రాజకీయం అక్కడే ఉంది. వందల ఏళ్లుగా కుర్చీ వదలని వ్యాంపైర్ పెద్దలు, వాళ్ల మీద తిరగబడే అనార్క్‌లనే వ్యాంపైర్లు ఆ తర్వాతి సంగతి.

అదే ఏడాది ఈ ఆట పెద్ద తప్పు చేసింది. రష్యాలోని చెచెన్యాలో గే పురుషులపై నిజంగా జరిగిన హింసను వ్యాంపైర్ల వ్యవహారంగా రాశారు. విమర్శలొచ్చాక ఆ భాగం తీసేశారు, తీసేయాల్సిందే. మనుషులు చేసిన నేరాన్ని రాక్షసుల ఖాతాలో వేస్తే బాధితులకు మళ్లీ అన్యాయం జరిగినట్టే.

ఒక్క సాయంత్రంలో ముగిసే కథ కావాలంటే కథుల్హూ బాగుంటుంది. నెలల తరబడి ఆడేవాళ్లకు మాత్రం వ్యాంపైర్ మేలంటాను. ఐదో ఎడిషన్‌లో ఏది తప్పో, ఏది కాదో ఆడేవాళ్లే ముందుగా కూర్చుని రాసుకోవాలి. ఆ కాగితం మీద వాదన తెగడానికి ఒక పూట పట్టినా పట్టనివ్వండి.