క్లేర్‌లో ఫిడేలు, గిటారు జంట వినాలంటే ఎక్కడ బస చేయాలి?

ఐర్లండ్ పడమటి తీరంలోని క్లేర్ కౌంటీకి వచ్చే యాత్రికుల్లో చాలామంది మోహర్ కొండచరియలు చూసుకుని సాయంత్రానికి వెనక్కి వెళ్లిపోతారు. నేను వెళ్లింది సంగీతం కోసం. అందులోనూ ఒక ఫిడేలు, ఒక గిటారు మాత్రమే ఉండే కచేరీ కోసం. మార్టిన్ హేస్ ఫిడేలు, డెనిస్ కాహిల్ గిటారు వాయించిన 1997 నాటి ‘ది లోన్‌సమ్ టచ్’ ఆల్బం విన్నప్పటి నుంచి ఈ ప్రాంతం చూడాలని కోరిక. హేస్ తూర్పు క్లేర్‌లోని ఫీకల్ ప్రాంతం వాడు. తండ్రి పి.జె. హేస్ పేరున్న టల్లా కేలీ బ్యాండ్‌లో (నాట్యాలకు వాయించే బృందం) ఫిడేలు వాయించేవారు. కాహిల్ తల్లిదండ్రులు కెర్రీ నుంచి వలస వెళ్లినవారు, ఆయన పుట్టింది షికాగోలో. 2022లో కన్నుమూశారు.

డబ్లిన్‌లో ఒక్క రాత్రే ఉండేట్టయితే టెంపుల్ బార్ అనే పబ్బుల పేట వైపు వెళ్లకండి, అక్కడ స్పీకర్ల హోరే ఎక్కువ. స్మిత్‌ఫీల్డ్‌లోని కాబుల్‌స్టోన్ పబ్బుకు వెళ్లండి. 2021లో ఆ స్థలంలో హోటల్ కడతామంటే సంగీతకారులు వీధుల్లోకి వచ్చారు, నగర పాలక సంస్థ అనుమతి నిరాకరించింది. ముందు గదిలో మూల బల్ల చుట్టూ కూర్చుని మైకు లేకుండా వాయిస్తారు. పక్కనే నిలబడి వినొచ్చు.

క్లేర్ తీరంలోని డూలిన్ గురించి అందరూ గొప్పగా చెబుతారు. టిన్ విజిల్ అనే చిన్న లోహపు పిల్లనగ్రోవి వాయించిన మైకో రస్సెల్ ఊరు అది. సముద్రం, అరన్ దీవులకు పడవలు, గాల్వే నుంచి నేరుగా వచ్చే 350 నంబరు బస్సు అన్నీ అనుకూలమే. కానీ వేసవిలో జనం ఎక్కువ. నేను కూర్చున్న ఒక పబ్బులో గిటారుకు మైకు పెట్టారు, ఫిడేలు ఎక్కడో అడుగున పడిపోయింది. ఈ జంట కోసమే వచ్చినవాళ్లకు అది పెద్ద లోటు. డూలిన్‌ను పగటిపూట చూసి రావడం మంచిదని నా అభిప్రాయం.

ఈ లోటు ఎందుకంత బాధిస్తుందో చెప్పాలి. మన కచేరీలో తంబురా, మృదంగం పంచుకునే పని ఇక్కడ ఒక్క గిటారు చేయాలి. ఐరిష్ సంగీతంలోకి గిటారు వచ్చింది ఇటీవలే, ఇరవయ్యో శతాబ్దంలో. కెవిన్ బర్క్ ఫిడేలుకు తోడు వాయించిన గిటారిస్టు మీహాల్ ఓ డొనెల్ తన తీగలను డి-ఎ-డి-జి-ఎ-డి అని శ్రుతి చేసుకునేవాడు. దాంతో పాశ్చాత్య సంగీతంలోని మేజర్, మైనర్ అనే రెండు స్వరవరసల్లో ఏదో తేల్చని స్వరాలు పలుకుతాయి, రాగం ఎటు మళ్లినా అడ్డు రాదు. కాహిల్ మామూలు శ్రుతిలోనే ఉంచి, చాలా తక్కువ మీటేవాడు. ఒక్కోచోట రెండే స్వరాలు, ఒక్కోచోట మౌనం. ఆ ఖాళీలోనే హేస్ రీల్‌ను (ఒక ఐరిష్ నాట్యపు బాణీ) మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ పోతాడు. గిటారు గట్టిగా మోగితే ఈ ఖాళీ మిగలదు. ఇద్దరు గిటారిస్టులు ఒకేసారి వాయించినా కార్డులు (కలిపి మీటే స్వరాల గుంపులు) గొడవపడతాయి. అందుకే పద్ధతి తెలిసినవాళ్లు ఒకరు వాయిస్తుంటే రెండోవారు గిటారు పక్కన పెట్టేస్తారు.

బసకు నా ఓటు క్లేర్‌లోని ఎన్నిస్ ఊరికే. డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కి లిమరిక్‌లో మారితే చేరుకోవచ్చు. ఊరు చిన్నది, పబ్బులన్నీ నడిచే దూరంలోనే ఉంటాయి. ఇది చాలా ముఖ్యం. పబ్బుల్లో వాయించడం రాత్రి తొమ్మిదిన్నర దాటాక గాని మొదలవదు, అది ముగిసేసరికి బస్సులుండవు. నేను దిగిన బి అండ్ బి (గది, ఉదయపు ఫలహారం ఇచ్చే ఇల్లు) ఇంటావిడ ఏ రోజు ఎక్కడ ఎవరు వాయిస్తారో చెప్పింది. ఆమె మాట విని వెళ్లిన చోటే, ఒక ఫిడేలు, ఒక గిటారు తప్ప మరే వాయిద్యం లేని రాత్రి దొరికింది. ఎనిమిదికల్లా భోజనం ముగించాలి. పబ్బుల్లో వంటగది తొందరగా కట్టేస్తారు. గ్లోర్ అనే కచేరీ భవనంలో టికెట్ కొని కూర్చుని వినే సౌకర్యమూ ఉంది, పిల్లలతో వచ్చేవాళ్లకు అదే నయం.

హేస్ ఊరు ఫీకల్ ఎన్నిస్‌కు సుమారు 25 కిలోమీటర్లు. బస్సులు చాలా తక్కువ కాబట్టి కారు లేకపోతే టాక్సీ ముందే మాట్లాడుకోవాలి. ఆగస్టులో జరిగే సంగీతోత్సవానికి గదులు నెలల ముందే అయిపోతాయి. మామూలు రోజుల్లో వెళితే ఊరు ప్రశాంతంగా ఉంటుంది, పెప్పర్స్ పబ్బులో వాయించేవాళ్ల పక్కనే చోటు దొరుకుతుంది. ఫొటో కోసం ఫోను పైకెత్తే ముందు వాయించేవాళ్లను అడగండి. నేను అడిగితే సరేనన్నారు, రికార్డింగు మాత్రం వద్దన్నారు.

తిరుగు ప్రయాణానికి డబ్లిన్ దాకా పోనక్కర్లేదు. షానన్ విమానాశ్రయం ఎన్నిస్ నుంచి బస్సులో దగ్గరే, లండన్‌కు విమానాలున్నాయి. భారతీయ పాస్‌పోర్టుతో వచ్చేవాళ్లు ఐరిష్ వీసా మీద బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం (BIVS) ముద్ర ఉందో లేదో చూసుకోవాలి, ఉంటే అదే వీసాతో లండన్‌లోనూ దిగవచ్చు.