సూర్యలంకా, మంగినపూడా?

ఒక్కరోజులో, తక్కువ ఖర్చుతో సముద్రం చూసి రావాలనుకునే గుంటూరు, విజయవాడ వాసులకు ఈ రెండు తీరాలు అందుబాటులో ఉన్నాయి.

ఖర్చు: చెన్నై రైలుమార్గం మీదున్న బాపట్ల వరకు ప్యాసింజరులో వెళ్లి, అక్కడి నుంచి సుమారు 9 కిలోమీటర్లు ఆటోలో సాగితే సూర్యలంక చవకగా ముగుస్తుంది, అయితే ఆటో బేరం ఎక్కకముందే కుదుర్చుకోవాలి. మంగినపూడికి బందరు (మచిలీపట్నం) దాకా బస్సులోనో రైల్లోనో వెళ్లి, ఆపైన సుమారు 11 కిలోమీటర్లు ఆటోలో సాగాలి.

ప్రమాదం: మంగినపూడిలో అడుగున నల్లమట్టి ఉన్నా, చాలా దూరం లోతు తక్కువే. సూర్యలంక ఇసుక ఎంతో హాయి, కానీ అలలను నమ్మి మోకాలి లోతు దాటరాదు.

గుంటూరు నుంచి బయలుదేరే మిత్రబృందానికి సూర్యలంకే మేలు. చిన్నపిల్లలున్న విజయవాడ కుటుంబానికి మంగినపూడి నయం. తిరుగుదారిలో బందరు లడ్డు అదనపు లాభం.