"మూలధాతువుతో హీబ్రూ" కోర్సు కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఇజ్రాయెల్ కేర్‌గివర్ వీసా కోసం ఎదురుచూస్తున్న అక్కలకీ అన్నలకీ ఈ పోస్టు. నేను అమలాపురం దగ్గర్నించి వచ్చి పెతాహ్ తిక్వాలో ఒక పెద్దావిడని చూసుకుంటున్నాను. బయల్దేరే ముందు వాట్సాప్‌లో తిరిగే ఒక హీబ్రూ కోర్సు కొన్నాను. 8,500 రూపాయలు, యూపీఐలో కట్టాను. అమ్మినవాళ్ళ పేరు రాయట్లేదు, గుర్తులు మాత్రం చెబుతాను.

నన్ను పడేసింది వాళ్ళ డెమో వీడియో. అందులో చెప్పిందంతా నిజమే, అదే చిక్కు. హీబ్రూలో ఎక్కువ మాటలు మూడక్షరాల మూలం నుంచి పుడతాయి. క-త-వ తీసుకుంటే కతవ్ అంటే రాశాడు, మిఖ్తవ్ అంటే ఉత్తరం, క్తోవెత్ అంటే చిరునామా. ఒకటి పట్టుకుంటే మూడు వచ్చేశాయి. నూట ఇరవై మూలాలు నేర్చుకుంటే చాలు, ఇల్లంతా మాట్లాడేయొచ్చు అన్నారు. నమ్మేశాను.

డబ్బు కట్టాక వచ్చింది 180 పేజీల పీడీఎఫ్. మొదటి పేజీలోనే "తెలుగు, హీబ్రూ అక్కాచెల్లెళ్ళు" అని ఉంది. రుజువేమిటయ్యా అంటే, అక్కడ ఇమా, ఇక్కడ అమ్మ. అక్కడ అబా, ఇక్కడ అబ్బ. చదివి నేనూ మురిసిపోయాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ హీబ్రూ అరబిక్, అరమాయిక్ ఉన్న సెమిటిక్ కుటుంబం, మనది ద్రావిడ కుటుంబం. పసిపిల్లలు పలికే అమ్మ, అబ్బ లాంటి మాటలు లోకంలో చాలా చోట్ల ఒకేలా ఉంటాయి. పైగా ఇమా, అబా, సబా (తాత), సవ్తా (అమ్మమ్మ, నాయనమ్మ) హీబ్రూలోకి అరమాయిక్ నుంచి వచ్చినవి. తమాషా ఏంటంటే మన వైపు నుంచి నిజంగా నడిచివెళ్ళిన మాటలు వాళ్ళ పీడీఎఫ్‌లో లేనే లేవు. అక్కడ మిరియాలని పిల్పెల్ అంటారు, అది మన పిప్పలి. పంచదారని సుకార్ అంటారు, దాని వెనక ఉన్నది సంస్కృతం శర్కర, మన చక్కెరకీ అదే మూలం. వంటింట్లో రోజూ చేతికి తగిలే ఈ రెండూ వదిలేసి అబ్బ, అమ్మ పట్టుకున్నారు.

తర్వాత కత్తెర సంగతి. మిస్పరాయిమ్ అంటే కత్తెర, మిస్పార్ అంటే సంఖ్య, సెఫెర్ అంటే పుస్తకం, సప్పార్ అంటే మంగలి. అన్నింట్లోనూ స-ప-ర వినిపిస్తుంది కాబట్టి అంతా ఒకటే మూలమని రాసి, "లెక్కపెట్టి కత్తిరించేవాడు సప్పార్" అని కథ అల్లారు. జుట్టు కత్తిరించే స-ప-ర వేరు, లెక్కకీ పుస్తకానికీ చెందిన స-ప-ర వేరు. మనకి "వాన కురిసింది"లో కురియడం, "కురచ" ఒకటి కానట్టే. నిజంగా అక్కరకొచ్చే విషయం ఆ చివరి "ఆయిమ్", జంటగా ఉండేవాటికి వస్తుంది. మిష్కఫాయిమ్ కళ్ళజోడు, మిఖ్నసాయిమ్ ప్యాంటు, ఒఫనాయిమ్ సైకిలు, అంటే రెండు చక్రాలది. ఒక్క వాక్యంలో అయిపోయేది, ఎక్కడా చెప్పలేదు.

బజారులో అయితే పరువే పోయింది. వాళ్ళ పీడీఎఫ్‌లో టమాటాకి "బదురా" అని ఉంది. కూరగాయల కొట్టు దగ్గర నాలుగు సార్లు అడిగాను. అతను "మా? మా?" అంటున్నాడు, అంటే ఏంటీ ఏంటీ అని. చివరికి వేలు పెట్టి చూపించాను. ఇంటికొచ్చి చెబితే మా సవ్తా (నేను చూసుకునే పెద్దావిడని అలాగే పిలుస్తాను) నవ్వు ఆపుకోలేకపోయింది. ఆధునిక హీబ్రూకి ఊపిరి పోసిన ఎలియెజర్ బెన్ యెహుదా, 1881లో యెరూషలేము వచ్చినాయన, అరబిక్ బందోరా నుంచి ఆ మాట వాడాడు. జనం అగ్వానియా అన్నదే ఉంచుకున్నారు. అగ్వానియా మూలానికి మోహం అనే అర్థం ఉంది, అందుకే ఆయనకి నచ్చలేదు. ఆయన కట్టిన గ్లీదా (ఐస్‌క్రీమ్), మిల్లోన్ (నిఘంటువు), ఇతోన్ (పత్రిక, "ఎత్" అంటే కాలం నుంచి) మాత్రం నేటికీ నోళ్ళలో ఉన్నాయి. ఏ మాట బతికింది, ఏది చచ్చింది అన్నది మూలం చెప్పదు, ఊళ్ళో జనం చెబుతారు. చచ్చినవాటిని కూడా "నిత్య వాడుక" అని అమ్మారు నాకు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఇది నవ్వే విషయం కాదు, జాగ్రత్తగా చదవండి. 47వ పేజీలో "కాఫ్: అరచేయి, అందుకే చెంచా" అని ఉంది. మూలం సరైనదే. కానీ కాఫ్ అంటే అన్నం తినే పెద్ద చెంచా. చిన్న చెంచా కపీత్. ఆ మాట మొత్తం పీడీఎఫ్‌లో ఎక్కడా లేదు. దగ్గు మందు గురించి నర్సు ఫోన్‌లో "కపీత్" అంది. నాకు తెలిసింది కాఫ్ ఒక్కటే కదా, అదే అనుకుని పెద్ద చెంచా తీశాను. సవ్తా మనవరాలు అప్పుడే వంటింట్లోకి రాబట్టి సరిపోయింది. 5 మిల్లీలీటర్ల చోట 15 పోసేదాన్ని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "ఈత్" చేరిస్తే వస్తువు చిన్నదవుతుందని ఆ అమ్మాయే చెప్పింది: మపా టేబుల్ గుడ్డ, మపీత్ నాప్‌కిన్. సాక్ గోనెసంచి, సకీత్ కవర్. కాఫ్‌లో ఫ, కపీత్‌లో ప అయ్యేసరికి నాకు రెండూ సంబంధం లేనివాటిలా వినిపించాయి. వాళ్ళ రాతలో ఒకే అక్షరమట.

కొనేముందు అమ్మేవాళ్ళని ఈ మాటలు అడిగి చూడండి: టమాటా, కత్తెర, చిన్న చెంచా. తడబడితే మీ డబ్బు దాచుకోండి. మాటల పుట్టుక మీద ఇష్టముంటే 1953లో మొదలైన హీబ్రూ భాషా అకాడమీ వెబ్‌సైట్‌లో ఉచితంగానే వెతుక్కోవచ్చు. అక్కడ రాత చాలావరకు హీబ్రూలోనే ఉంటుంది, ఫోన్ అనువాదంతో నెట్టుకురావాలి. నేనైతే ఇప్పుడు వంటింట్లో డబ్బాలన్నింటికీ తెలుగు లిపిలో చీటీలు అంటించాను, తప్పు పలికితే సవ్తా దిద్దుతుంది.

డబ్బు వెనక్కి అడిగితే "పీడీఎఫ్ తెరిచేశారు కదా, వాపసు లేదు" అన్నారు. మళ్ళీ అడిగితే నంబరు బ్లాక్ చేశారు. బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు. ఇప్పటికే కొన్నవాళ్ళుంటే ముందు 47వ పేజీ తీసి, కాఫ్ కింద పెన్నుతో రాసుకోండి: కపీత్, చిన్న చెంచా, 5 మిల్లీలీటర్లు.