ఫోర్ట్ నాక్స్ పిస్టల్ పెట్టె: మిషిగన్‌లో తుపాకీ ఉన్న ఇంటికి ఇది సరిపోతుందా?

మిషిగన్‌లో స్థిరపడి, గ్రీన్ కార్డో పౌరసత్వమో వచ్చాక ఆత్మరక్షణ కోసం చేతి తుపాకీ కొనుక్కున్న తెలుగు కుటుంబాలు నాకు తెలిసినవే చాలా ఉన్నాయి. గ్యాస్ స్టేషన్లు, మోటళ్లు, మద్యం దుకాణాలు నడిపేవారిలో ఇది మరింత ఎక్కువ. ఏ కంపెనీ తుపాకీ మంచిదన్న విషయం మీద గంటల తరబడి మాట్లాడుకుంటాం గానీ, కొన్న తర్వాత దాన్ని ఇంట్లో ఎక్కడ, దేనిలో, ఏ తాళం కింద ఉంచాలన్న మాట మన మధ్య అరుదుగా వస్తుంది. ఆ లోటు కొంతైనా తీరాలన్న ఉద్దేశంతో, నేను వాడుతున్న ఫోర్ట్ నాక్స్ సంస్థ వారి పిస్టల్ పెట్టె గురించి ఇక్కడ రాస్తున్నాను. తుపాకీ ఉన్న ప్రతి ఒక్కరూ దాన్ని తాళం వేసి భద్రపరచాలని చట్టం నిర్బంధించడం న్యాయమేనని నేను నమ్ముతాను. అందుచేత ఈ పెట్టె ఎంత గట్టిదన్న దానికంటే, అటువంటి చట్టం ఏ ఉద్దేశంతో వచ్చిందో ఆ ఉద్దేశాన్ని ఇది నెరవేరుస్తుందా లేదా అన్నదే నాకు ముఖ్యం.

మిషిగన్‌లో ఆ చట్టం 2024 ఫిబ్రవరి 13న అమల్లోకి వచ్చింది. తన అధీనంలో ఉన్న చోట తుపాకీని ఎవరి పర్యవేక్షణా లేకుండా వదిలే వ్యక్తి, అక్కడ పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు ఉన్నారని గానీ వచ్చే అవకాశం ఉందని గానీ తెలిసినప్పుడు, లేదా తెలిసి ఉండవలసినప్పుడు, దాన్ని తాళం వేసిన పెట్టెలోనైనా పెట్టాలి, లేదా తూటాలు తీసేసి తుపాకీకే తాళం బిగించాలి. అలా చేయకపోవడం వల్ల అది పిల్లల చేతికి చిక్కి, వారు దానితో బయట తిరిగినా, ఎవరి ముందైనా నిర్లక్ష్యంగానో బెదిరింపుగానో చూపినా యజమానికి 93 రోజుల వరకు జైలు పడవచ్చు. అది పేలి ఎవరైనా గాయపడితే శిక్ష ఐదేళ్ల వరకు, ప్రాణం పోతే పదిహేనేళ్ల వరకు పెరుగుతుంది. చట్టం అమల్లోకి వచ్చిన మరునాడే ఫ్లింట్ నగరంలో ఒక రెండేళ్ల పాప ఇంట్లో తాళం లేకుండా ఉన్న రివాల్వర్‌తో తనను తానే కాల్చుకుంది. పాప బతికింది. ఈ చట్టం కింద మొదటి కేసు ఆమె తండ్రి మీదే నమోదైంది.

ఈ చట్టం గురించి మాట్లాడేటప్పుడు ఆక్స్‌ఫర్డ్ హైస్కూలు ఘటనను పక్కన పెట్టలేము, ఎందుకంటే అది మన తెలుగువారు ఎక్కువగా ఉండే ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ ఉన్న ఓక్లాండ్ కౌంటీలోనే జరిగింది. 2021 నవంబరు 30న పదిహేనేళ్ల విద్యార్థి నలుగురు తోటి విద్యార్థులను కాల్చి చంపాడు. వాడిన 9 ఎం.ఎం. పిస్టల్‌ను నాలుగు రోజుల ముందే తండ్రి కొన్నాడు. తల్లిదండ్రులిద్దరినీ వేర్వేరు జ్యూరీలు దోషులుగా తేల్చగా, 2024 ఏప్రిల్‌లో వారికి పది నుంచి పదిహేనేళ్ల జైలు శిక్ష పడింది. విచారణలో బయటపడిన ఒక చిన్న వివరం నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది. ఆ ఇంట్లో మిగతా తుపాకులు ఒక సేఫ్‌లోనే ఉన్నాయి, కానీ దాని కోడ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి మూడు సున్నాలే. అంటే పెట్టె కొన్నారు, తాళమూ ఉంది, రక్షణ మాత్రం లేదు. ఈ సమీక్ష రాయడానికి ఆ మూడు సున్నాలే అసలు కారణం.

ఇక పెట్టె సంగతి. యూటా రాష్ట్రంలో తయారయ్యే ఈ పెట్టె పది గేజి ఉక్కుతో చేసింది, అంటే రేకు మందం సుమారు మూడున్నర మిల్లీమీటర్లు. వందలోపు డాలర్లకు దొరికే పెట్టెల మూతను స్క్రూడ్రైవర్‌తో ఎత్తి వంచగలిగిన చోట ఇది లొంగదు. మూతకు అమర్చిన గ్యాస్ స్ట్రట్ వల్ల తాళం విడగానే మూత దానంతట అదే లేస్తుంది. లోపల అంతా ఫోమ్ పరిచి ఉంటుంది. ఒక మామూలు సైజు పిస్టల్, ఒకటి రెండు మ్యాగజైన్లు, అంటే తూటాలు నింపి పిస్టల్ పిడిలోకి దూర్చే డబ్బాలు, సుఖంగా పడతాయి. అడుగున బోల్టులకు రంధ్రాలు ఉన్నాయి. వాటిని వాడి క్లోజెట్‌లోని బలమైన చెక్కకో నేలకో బిగించకపోతే దొంగ పెట్టెనే చంకలో పెట్టుకుని వెళ్లిపోతాడు కనుక, బిగించే పనిని వాయిదా వేయకూడదు. అద్దె అపార్ట్‌మెంట్లలో గోడలకు, నేలకు రంధ్రాలు చేయడానికి యజమానులు ఒప్పుకోరు. అటువంటివారు బరువైన మంచం చట్రానికో, తమ సొంత బీరువా లోపలి అరకో బిగించుకోవడం మేలు.

ఈ పెట్టెకు ప్రాణం దాని తాళం. సింప్లెక్స్ అనే ఈ మెకానికల్ తాళానికి బ్యాటరీ లేదు, తెర లేదు, తాళంచెవి లేదు. వరుసగా ఐదు బటన్లు, పక్కన ఒక నాబ్, అంతే. కోడ్‌లో ఒక్కో బటన్‌ను ఒక్కసారే వాడాలి, కావాలంటే రెండు మూడింటిని ఒకేసారి కలిపి నొక్కవచ్చు. బటన్ లోపలికి దిగడం వేలికి స్పష్టంగా తెలుస్తుంది, మెత్తని టిక్కుమన్న శబ్దమూ వినిపిస్తుంది. తప్పు నొక్కామని అనిపిస్తే నాబ్‌ను వెనక్కి తిప్పితే నొక్కినవన్నీ చెరిగిపోతాయి, మళ్లీ మొదలుపెట్టవచ్చు. దీపం వేయకుండా, కళ్లు మూసుకుని కూడా కొద్ది సెకన్లలో తెరవగలగడం సాధనతో ఎవరికైనా వస్తుంది. ఏళ్ల తర్వాత ఏ అర్ధరాత్రో బ్యాటరీ అయిపోయి తెరుచుకోదేమోనన్న బెంగ ఇందులో లేదు.

దాని పరిమితులను కూడా అంతే వివరంగా చెప్పాలి. సింప్లెక్స్ తాళాలకు ఫ్యాక్టరీలో పెట్టే కోడ్ అందరికీ తెలిసినదే: రెండు, నాలుగు బటన్లు కలిపి, ఆ తర్వాత మూడు. ఇంటర్నెట్‌లో వెతకడం వచ్చిన ఏ పిల్లవాడికైనా ఇది నిమిషంలో దొరుకుతుంది. కాబట్టి పెట్టె ఇంటికి వచ్చిన రోజునే, తుపాకీ లోపల పెట్టకముందే, తాళం వెనుక వైపు నుంచి కోడ్ మార్చుకోవాలి. మార్చిన కోడ్‌ను మూత తెరిచి ఉంచే నాలుగైదు సార్లు పరీక్షించి, అప్పుడే మూత వేయాలి. రెండో పరిమితి, ఈ తాళంలో సాధ్యమయ్యే కోడ్‌లు 1,081 మాత్రమే, పైగా ఎన్నిసార్లు తప్పు నొక్కినా తాళం బిగుసుకుపోదు. ఒక్కో ప్రయత్నానికి ఐదు సెకన్లు వేసుకుంటే, పట్టుదల ఉన్న పన్నెండేళ్ల పిల్లవాడు ఒక సెలవు మధ్యాహ్నం అన్నిటినీ నొక్కి చూడగలడు. అందువల్ల ఇది పిల్లల కళ్ల ముందు ఉండవలసిన వస్తువు కాదు, మంచం పక్కన బల్ల మీద అలంకారంగా పెట్టవలసినది అసలే కాదు. ఒకటి రెండు బటన్ల కోడ్ వద్దు, కనీసం నాలుగు బటన్లు ఉండి అందులో ఒక జత కలిపి నొక్కేలా ఉండాలి.

మూడోది తాళం లోపం కాదు, వాడేవారి లోపం. త్వరగా తెరవాలన్న ఆత్రంతో కొందరు చివరి బటన్ తప్ప మిగతావన్నీ ముందే నొక్కి ఉంచుతారు. అలా ఉంచిన పెట్టెను తెరవడానికి మిగిలిన ఒకటి రెండు బటన్లలో సరైనది తగిలితే చాలు. ఆ పని చేసేవారు మూత వేసి ఉన్నా పెట్టెను తెరిచి ఉంచినట్లే లెక్క.

ఇంత పాత పద్ధతి తాళం ఎందుకు, వేలిముద్రతో తెరుచుకునేవి సగం ధరకే వస్తున్నాయి కదా అని చాలామంది అడుగుతారు. ఒక మిత్రుడి ఇంట్లో అలాంటి పెట్టె మీద, ఆయన అడిగితే, నా బొటనవేలు పెట్టి చూశాను. నా వేలిముద్ర అందులో ఎన్నడూ నమోదు కాలేదు, అయినా మూత తెరుచుకుంది. ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. 2023 అక్టోబరులో ఫోర్ట్రెస్ సేఫ్ అనే సంస్థ సుమారు 61,000 వేలిముద్ర సేఫ్‌లను వెనక్కి పిలిచింది. వేలిముద్ర నమోదు చేసేవరకు అవి ఎవరి వేలికైనా తెరుచుకునేలా తయారయ్యాయి, నమోదు పూర్తయిందని యజమాని నమ్మినా నిజానికి అది పూర్తికాని సందర్భాలు ఉన్నాయి. ఒక పన్నెండేళ్ల బాలుడు మరణించిన ఘటన ఆ రీకాల్ ప్రకటనలోనే ఉంది. కొద్ది నెలలకే మరికొన్ని సంస్థల సేఫ్‌లు కూడా ఇదే కారణంతో రీకాల్ అయ్యాయి. వేలిముద్ర పెట్టె ఉన్నవారు దయచేసి ఈ రోజే ఇంట్లో మిగతా అందరి వేళ్లతోనూ పరీక్షించండి, తుపాకీ బయట పెట్టిన తర్వాత.

తాళం వేసిన తుపాకీ అవసరానికి అక్కరకు రాదన్నది చట్టాన్ని వ్యతిరేకించేవారి ప్రధాన వాదన. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, దుకాణం మూసి డబ్బుతో అర్ధరాత్రి ఇంటికి చేరేవారి ఆందోళన నాకు తెలుసు. అయితే మిషిగన్ చట్టం తుపాకీని ఒంటి మీద ఉంచుకున్నవారి జోలికి రాదు, వదిలి వెళ్లినప్పుడే తాళం అడుగుతుంది. 2008లో హెల్లర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసిన వాషింగ్టన్ నగర నిబంధన ఇలాంటిది కాదు. ఇంట్లోని తుపాకీని ఆత్మరక్షణకు సైతం వీలు కాకుండా ఎల్లవేళలా విడదీసో, ట్రిగ్గర్‌కు తాళం బిగించో ఉంచమన్నది ఆ నిబంధన. ప్రమాదాలను నివారించడానికి తుపాకుల నిల్వను నియంత్రించే చట్టాలు చెల్లవని తమ విశ్లేషణ సూచించడం లేదని ఆ తీర్పులోనే న్యాయస్థానం స్పష్టం చేసింది. కొద్ది సెకన్లలో తెరుచుకునే పెట్టె ఉన్నప్పుడు రక్షణా భద్రతా ఒకదానికొకటి అడ్డు కావు.

నిజానికి మిషిగన్ చట్టం ఇంకొంత ముందుకు వెళ్లాలని నా అభిప్రాయం. పిల్లలు ఉంటారా ఉండరా అన్న ప్రశ్నతో సంబంధం లేకుండా, యజమాని దగ్గర లేని ప్రతి తుపాకీకీ తాళం ఉండాలని మసాచుసెట్స్ 1998 నుంచే అడుగుతోంది. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. క్షణికావేశంలో ఉన్న మనిషికీ తుపాకీకీ మధ్య ఒక తాళం, ఆ తాళం తీయడానికి పట్టే కొంత ఆలస్యం ఉండటం పెద్దవారి ప్రాణాలకు కూడా అవసరమే. పిల్లలకు తుపాకీ అందకుండా చూసే చట్టాలు ఉన్న చోట యువతలో ఆత్మహత్యలు, ప్రమాదవశాత్తు జరిగే కాల్పులు తగ్గుతున్నాయని ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ అధ్యయనాలన్నిటినీ జల్లెడపట్టి తేల్చింది. చదువు ఒత్తిడితో నలిగే టీనేజీ పిల్లలున్న మన ఇళ్లలో ఈ మాటకు ఎంత విలువ ఉందో వేరే చెప్పనక్కరలేదు.

మా ఇంట్లో పిల్లలు లేరండీ, మాకెందుకు అనేవారు ఒక్కసారి తమ ఇంటి సంక్రాంతి విందును గుర్తు చేసుకోవాలి. జనవరి చలికి వచ్చిన ముప్పై నలభై మంది కోట్లన్నీ పైన మాస్టర్ బెడ్‌రూమ్‌లో మంచం మీద పోగుపడతాయి. పిల్లలు కింద ఆట విసుగొచ్చి ఆ గదిలోకే చేరి తలుపు వేసుకుంటారు. మంచం పక్క సొరుగు వారి చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. పిల్లలు వచ్చే అవకాశం అని చట్టం చెప్పేది ఇలాంటి సాయంత్రాన్నే. అలాగే పిల్లవాడిని స్లీప్‌ఓవర్‌కు పంపేముందు, అక్కా, మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉంటుందా అని అడగడానికి మనం మొహమాటపడకూడదు. అడిగితే నొచ్చుకునేవారు కూడా కొద్దిరోజుల్లో అర్థం చేసుకుంటారు.

కోడ్ ఎవరికి చెప్పాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్పితే, తుపాకీ కలిగి ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. ఊరి నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చిన అమ్మానాన్నలకు, వీసా మీద ఉన్న తమ్ముడికి మంచితనం కొద్దీ కోడ్ చెబితే, వారిని చిక్కుల్లో పడేసినవారు మీరే అవుతారు.

ధర సుమారు 300 డాలర్లు. తుపాకీకి 500, 600 డాలర్లు పెట్టగలిగినవారికి ఇది ఎక్కువేమీ కాదు. ఇంట్లో ఒకే పిస్టల్ ఉండి, దాన్ని అవసరానికి వెంటనే అందుకోవాలనుకునేవారు నిస్సందేహంగా కొనవచ్చు. పొడవాటి వేట తుపాకులున్నవారికి ఇది పనికిరాదు, వారికి నిలువు సేఫ్ కావాలి. ఇప్పుడే అంత ఖర్చు పెట్టలేనివారు చట్టం పాటించకుండా ఉండనవసరం లేదు. లైసెన్సున్న డీలరు అమ్మే ప్రతి చేతి తుపాకీతో పాటు ఏదో ఒక భద్రతా పరికరం ఇవ్వాలని 2005 నాటి ఫెడరల్ చట్టం నిర్దేశిస్తోంది. సాధారణంగా అది కేబుల్ తాళమే అయి ఉంటుంది, చాలా పోలీసు స్టేషన్లలో ఉచితంగానూ ఇస్తారు. మ్యాగజైన్ తీసి, ఛాంబర్‌లో (పేలడానికి తూటా కూర్చునే గదిలో) తూటా లేదని కంటితోనూ వేలితోనూ చూసుకుని, స్లైడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) వెనక్కి లాగి కేబుల్‌ను పైనున్న రంధ్రం గుండా దూర్చి కింద మ్యాగజైన్ దారిలోంచి బయటికి తీసి తాళం వేయాలి. తూటాలను వేరే చోట, వేరే తాళం కింద ఉంచాలి. ఆ కేబుల్ తాళంచెవులు రెండూ వంటింటి మేకుకు గానీ దేవుడి గది సొరుగులో గానీ కాకుండా, మీ కారు తాళాల గుత్తిలో ఒకటి, బ్యాంకు లాకర్‌లో ఒకటి ఉండేలా చూసుకోండి.