లోకల్‌డేట్‌టైమా, ఇన్‌స్టంటా?

మధురవాడలో కూర్చుని అరకు టూర్ బుకింగ్ యాప్ రాస్తున్నప్పుడు తగిలిన దెబ్బ ఇది. జావాలో తేదీ, టైము దాచే లోకల్‌డేట్‌టైమ్ వాడటం తేలికే, కానీ అందులో టైమ్‌జోన్ ఉండదు. లాప్‌టాప్‌లో అంతా బాగుంది. సర్వర్ మాత్రం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 2 గంటలకు చేసిన బుకింగ్ ముందు రోజు రాత్రి 8:30 అని పడింది. తేదీయే మారిపోతే ఇక టెన్షన్ సంగతి చెప్పాలా!

జావాలోనే ఉన్న ఇంకో రకం ఇన్‌స్టంట్, దాన్ని ఎక్కడ చదివినా అదే క్షణం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టైమ్‌స్టాంప్‌టీజెడ్ (టైమ్‌జోన్‌తో టైమ్‌స్టాంప్) కాలమ్ దీనికి సరిపోతుంది. పేరు చూసి జోన్ దాస్తుందనుకుంటాం గానీ, యూటీసీలోకి మార్చుకుని జోన్‌ని వదిలేస్తుంది. చూపించేటప్పుడు మన టైముకు మార్చుకోవాలి, అంతే.

బుకింగ్ క్షణానికి నా ఓటు ఇన్‌స్టంట్‌కే. ఉదయం 6 గంటలకు బస్సు బయల్దేరుతుందని రాయడానికి లోకల్‌డేట్‌టైమే నయం, అది గోడ గడియారం లెక్క. పుట్టినరోజుకైతే రెండూ వద్దు, తేదీ మాత్రమే ఉండే లోకల్‌డేట్ చాలు.