కారు అడుగున దబ్ దబ్: షాకప్సర్లు మార్చే ముందు ఇవి చూడండి

మా డీజిల్ హ్యాచ్‌బ్యాక్ ఎక్కువగా తిరిగేది హన్మకొండ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లి దారిలో. బొగ్గు లారీలు నడిచే రోడ్డు, గతుకులకు కొదవ లేదు. లక్ష కిలోమీటర్లు దాటాక ముందు ఎడమ చక్రం దగ్గర దబ్ దబ్ మొదలైంది. 60లో పోతుంటే వినపడదు, గల్లీలో 20లో పోతుంటే మాత్రం ప్రతి గుంతకూ కొడుతుంది.

సర్వీస్ సెంటర్‌లో ర్యాంప్ ఎక్కించి, చక్రాలు ఊపి చూసి, "షాకప్సర్లు పోయినయ్ సార్, జత మార్చాలె" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. షాకప్సర్ల మీద నూనె కారిన జాడ లేదు. బానెట్ మూల నొక్కి వదిలితే బండి ఒక్కసారి లేచి నిలిచిపోతోంది; షాకప్సర్లు పోతే ఇంకా ఊగుతూ ఉండాలి.

ఆచూకీ స్పీడ్ బ్రేకర్ దగ్గర దొరికింది. ముందు చక్రాలు రెండూ కలిసి ఎక్కితే చప్పుడు లేదు, ఒక్క చక్రమే గుంతలో దిగితే దబ్! కుడి, ఎడమ సస్పెన్షన్లను కలిపే యాంటీ రోల్ బార్ అనే కడ్డీ ఒకటుంటుంది. రెండు చక్రాలూ సమానంగా లేస్తే అది మెలిపడదు. ఒకటి లేచి ఇంకొకటి కిందే ఉంటే మెలిపడి, కొసలకున్న లింక్ రాడ్లను లాగుతుంది. వాటి బాల్ జాయింట్లు (గుండ్రటి కీళ్లు) అరిగితే ఆ వదులు అప్పుడే కొట్టుకుంటుంది. చక్రాలు గాల్లో వేలాడుతుంటే లింక్ బిగుసుకుపోయి ఆ వదులు తెలియకపోవచ్చు. అందుకే బండి బరువు చక్రాల మీద ఉండగానే చూడాలి. ఆటోనగర్‌లో మేస్త్రీ బండి కింది గుంతలోకి దిగి లింక్‌ను చేత్తో పట్టుకున్నాడు, నేను పైనుంచి బండిని పక్కకు ఊపాను. "ఇగో, చేతికే తగుల్తుంది" అన్నాడు. రెండు లింకులూ మార్చాం, ఆ చప్పుడు పోయింది. షాకప్సర్లు ఇప్పటికీ పాతవే.

తర్వాత కొన్నాళ్లకు బ్రేక్ వేయగానే ఒక్క దబ్ రావడం మొదలైంది. అది చక్రాన్ని బండి అడుగుకు కలిపే లోయర్ ఆర్మ్ వెనక బుష్ (కీలులో ఉండే రబ్బరు తొడుగు), రబ్బరు చీలింది. చవకగా వస్తుందని బుష్ ఒక్కటే వేయిస్తే ఏడాది తిరక్కుండానే మళ్లీ చీలింది. ఆ తర్వాత కంపెనీ ఆర్మ్ మొత్తం వేయించాను. డబ్బు ఎక్కువైంది గానీ ఏళ్లు గడిచినా చెక్కుచెదరలేదు. ఇక్కడ పట్టుబట్టి చేయించాల్సింది ఒకటుంది: బుష్ బోల్టును బండి జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించనీయొద్దు. అలా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలిపడి, అదే ఒత్తిడిలో ఉండిపోయి తొందరగా చిరుగుతుంది. చక్రాలు నేల మీద ఆనాకే చివరి బిగింపు. చక్రాల అలైన్‌మెంట్ ఆ తర్వాతే.

చప్పుడు ఏ పని చేస్తే వస్తోందో, ఏది చేస్తే ఆగుతోందో గమనిస్తే సగం వెతుకులాట తప్పుతుంది. బ్రేక్ మీద కొద్దిగా కాలు ఆనిస్తే ఆగిపోతే కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) పిన్నులు చూడండి. నిలబడ్డ బండిలో స్టీరింగ్ తిప్పితే వస్తే స్ట్రట్ మౌంట్ (ముందు షాకప్సర్ పైకొసను బాడీకి పట్టే భాగం), క్లచ్ వదలగానే వస్తే ఇంజిన్‌ను పట్టి ఉంచే ఇంజిన్ మౌంట్ మీద అనుమానపడండి. సైలెన్సర్‌ను పట్టుకునే రబ్బరు తెగినా ఇలాగే కొడుతుంది, దాన్ని ముందే చూసేయండి.

లింక్ రాడ్ చప్పుడైతే గ్యారేజీ దాకా మెల్లగా పోవచ్చు. లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ వదులైందని తేలితే మాత్రం బండి కదపొద్దు. అది ఊడితే చక్రం అదుపు తప్పి పక్కకు వాలిపోతుంది. మెకానిక్‌నే బండి దగ్గరికి పిలిపించండి.