వెబ్‌సైట్ టెస్టింగ్ ఏజెన్సీకి అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

"మీ సైట్‌లో ఎ/బి టెస్టులు చేసి ఆర్డర్లు పెంచుతాం" అని ఫోన్లు చేసేవాళ్లతో కాస్త జాగ్రత్త. (ఎ/బి టెస్ట్ అంటే ఒకే పేజీని రెండు రకాలుగా పెట్టి, ఏది ఎక్కువ ఆర్డర్లు తెస్తుందో చూడటం.) మాది హైదరాబాద్‌లో చిన్న చేనేత చీరల షాపు, సొంత వెబ్‌సైట్ ఉంది. మేం పెట్టుకున్న ఏజెన్సీ పేరు రాయను, ఇలాంటివాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు.

ఫీజు మాత్రం నెలనెలా ఠంచనుగా తీసుకున్నారు, నెలాఖరుకి రంగురంగుల స్లైడ్లు పంపేవారు. ఒకదాని మీద ఇంత పెద్ద అక్షరాలతో "కన్వర్షన్ 30% పెరిగింది" (కన్వర్షన్ అంటే వచ్చినవాళ్లలో కొన్నవాళ్ల శాతం). దేని మీద 30 అని గట్టిగా పట్టుకుంటే తేలిందేంటంటే, పాత పేజీకి వెయ్యి మంది వస్తే 20 ఆర్డర్లు, కొత్త పేజీకి వెయ్యి మంది వస్తే 26. ఆరు ఆర్డర్లు! రెండు పక్కలా ఒకే పేజీ పెట్టినా అంత తేడా రావచ్చు. పైగా పాత పేజీ లెక్క దసరా ముందు వారానిది, కొత్త పేజీది దసరా వారానిది. దసరాకి అమ్ముడుపోక చీరలు ఇంకెప్పుడు అమ్ముడుపోతాయండీ? రెండు పేజీలూ ఒకేసారి, వచ్చినవాళ్లను చెరిసగం పంచి నడిపితేనే అది ఎ/బి టెస్ట్.

అసలు దెబ్బ కాంట్రాక్టు ముగిశాక తగిలింది. ఏమేం మార్చారో, ఎందుకు మార్చారో రికార్డు ఇవ్వమంటే మళ్లీ అవే స్లైడ్లు ఫార్వర్డ్ చేశారు. మొదలుపెట్టిన తేదీ లేదు, ఆపిన తేదీ లేదు, పాత పేజీ స్క్రీన్‌షాట్ లేదు, ఓడిపోయిన టెస్టుల ఊసే లేదు. అసలు ఏ ఉపయోగమూ లేని 20 మార్పులు టెస్ట్ చేసినా, మామూలుగా వాడే 95% గీత (తేడా ఏమీ లేకపోయినా ఉత్త అదృష్టంతో గెలిచినట్టు కనబడే అవకాశం 5% మించకూడదనే హద్దు) దగ్గర కనీసం ఒకటి గెలిచినట్టు కనబడే అవకాశం 64% దాకా ఉంటుంది, మరి ఓడినవి దాచేస్తే గెలిచినదాన్ని ఏం చూసి నమ్మాలి? కొత్తగా పెట్టుకున్న అబ్బాయి వచ్చీరాగానే, కొనే బటన్ కింద క్యాష్ ఆన్ డెలివరీ అని రాసి చూద్దామన్నాడు. అది ఇదివరకే చేశారు, ఏమైందో చెప్పే కాగితం లేదు. డబ్బు పోసి మళ్లీ అదే టెస్ట్.

"అంతా టూల్‌లోనే ఉంటుంది సార్" అంటే నమ్మకండి. టెస్టులు నడిపే మా టూల్ అకౌంట్ వాళ్ల పేరు మీద ఉంది, వెళ్తూ యాక్సెస్ తీసేశారు. అకౌంట్ మీదే అయినా టూలే మూతపడొచ్చు, ఇలాంటి టెస్టుల టూలే అయిన గూగుల్ ఆప్టిమైజ్‌ని 2023 సెప్టెంబర్ 30న ఆపేశారు కదా. సైట్‌కి ఎవరొచ్చారో, ఏం చేశారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ 4లో ఎక్స్‌ప్లోరేషన్ రిపోర్టుల (మనకి కావాల్సినట్టు లోతుగా తీసుకునే రిపోర్టులు) డేటా మామూలుగా 2 నెలలే ఉంటుంది, సెట్టింగ్ మారిస్తే 14 నెలలు (ఇప్పుడే మార్చుకోండి, పైసా ఖర్చు లేదు).

అందుకని టెస్టుల రికార్డుకి ఒక షీట్ మీ అకౌంట్‌లోనే తెరవండి. టెస్ట్ మొదలవకముందే ఏం మారుస్తున్నారు, ఎందుకు, ఏ అంకె చూసి తేలుస్తారు, ఎన్నాళ్లు నడుపుతారు అన్నవి వాళ్లచేతే అందులో రాయించండి. అయ్యాక రెండు పక్కలా వచ్చినవాళ్లు, ఆర్డర్లు, మొబైల్ స్క్రీన్‌షాట్లు, ఆ వారం పండగ గానీ ఆఫర్ గానీ ఉందా అన్నదీ ఎక్కించాలి. అది నిండితేనే ఆ నెల బిల్లు కడతామని కాంట్రాక్టులో పెట్టండి. మొదటి మీటింగ్‌లోనే, పాత క్లయింట్ పేరు కొట్టేసైనా సరే, ఓడిపోయిన టెస్ట్ రికార్డు ఒకటి చూపించమనండి. నీళ్లు నమిలితే అడ్వాన్స్ ఇవ్వకండి.